కండరంలో హీట్ షాక్ ప్రొటీన్లు ఎక్కువుంటే ఎండకు ఓర్చే పశువేనా?

తాడిపత్రి_పాడిరైతు:
ఎండలో సంకర ఆవు కండరంలో హీట్ షాక్ ప్రొటీన్లు బాగా పెరుగుతాయని, అందుకే అది మన వేసవికి అలవాటు పడుతుందని పశువుల మేళాలో ఒకాయన చెప్పారు. నమ్మవచ్చా?

పశువైద్య_విద్యార్థి:
అలా అనలేం. వేడికి కణంలోని ప్రొటీన్ల మడతలు చెదురుతాయి. హెచ్‌ఎస్‌పీ 70 వంటి హీట్ షాక్ ప్రొటీన్లు వాటిని మళ్లీ సరిచేస్తాయి. 1962లో ఇటలీ శాస్త్రవేత్త రిటోసా పండ్ల ఈగల్లో ఈ స్పందనను మొదట గమనించారు. ఇవి పెరిగాయంటే కణం తనను కాపాడుకుంటున్నట్టే, కష్టంలో ఉన్నట్టు కూడా. దుక్కి దున్నిన ఎద్దు కండరంలోనూ పెరుగుతాయి. మేళాలో ఆయన చెప్పిన లెక్కకు కండరం నమూనా తెల్లవారుజామున తీశారా, ఎండ వేడి ఎక్కువుండే మిట్టమధ్యాహ్నమా?

గుత్తి_ఒంగోలు:
మే నెలలో మా కొట్టానికి రండి. ఒంగోలు ఎద్దు నెమరు వేస్తుంటుంది, పక్కనే హోల్‌స్టీన్ సంకరం నురగ కారుస్తూ రొప్పుతుంటుంది. ఇంకేం నమూనా కావాలి?

పశువైద్య_విద్యార్థి:
రొప్పును బట్టి కండరం సంగతి తెలియదండీ. మూపురం జాతులకు వదులు చర్మం, పొట్టి వెంట్రుకలు, పెద్ద చెమట గ్రంథులు. పాలు తక్కువ కాబట్టి ఒంట్లో పుట్టే వేడీ తక్కువే. కణంలోనూ తేడా ఉంది: ఒంగోలు రక్తమున్న అమెరికా మూపురం జాతి బ్రాహ్మన్ పిండాలు 41 డిగ్రీలను హోల్‌స్టీన్ పిండాలకన్నా బాగా తట్టుకున్నాయి. అయినా నా ప్రశ్న అదే, నమూనా ఎప్పుడు తీశారు?

ధర్మవరం_గొల్ల:
కొట్టానికి రేకులా, బోదా?

గుత్తి_ఒంగోలు:
నమూనా, నమూనా! ఇంతకుముందు అప్పు ఇప్పించి మాకు ఒక సంకర ఆవును అంటగట్టినవారు ఎండ మాటే ఎత్తలేదు. అది రెండో వేసవి దాటలేదు. వాయిదాలు మాత్రం ఇప్పటికీ కడుతున్నాను. ఆ నష్టం మీ ప్రొటీన్ లెక్కలో ఎక్కడుంది?

తాడిపత్రి_పాడిరైతు:
అన్నా, మీ బాధ నిజమే. కానీ నాటు ఆవు పూటకు ఇచ్చే రెండు లీటర్లతో పిల్లల ఫీజు ఎలా కట్టాలి? ఎద్దును చూసి మురిసిపోవడానికి నాకు పొలం లేదు.

గుత్తి_ఒంగోలు:
నేను జాతి గొప్ప కోసం మాట్లాడుతున్నానా? లీటర్లు చూపించి అమ్మేవారు ఆవు చస్తే వచ్చే నష్టంలో పాలు పంచుకోరు. నా గొడవ అదొక్కటే.

పశువైద్య_విద్యార్థి:
అలాగైతే ప్రొటీన్ సంగతి పక్కన పెట్టి, మేలో మీ బోరులో నీళ్లుంటాయో లేదో చెప్పండి. నీడ, నీళ్లు ఉంటే జెర్సీ సంకరం చూడండి, హోల్‌స్టీన్‌కన్నా కొంత ఓర్చుకుంటుంది. పశువుకు బీమా చేయించకుండా మాత్రం అప్పు పత్రం మీద సంతకం పెట్టకండి.

తాడిపత్రి_పాడిరైతు:
ఏప్రిల్‌కే మా బోరు గాలి కొడుతుంది. ట్యాంకరు నీళ్లు కొని ఆవును మేపినా గిట్టుబాటు అవుతుందా? ఎవరైనా లెక్క వేసి చెప్పండి.