పెట్టీ కేసులో మొదటి వాయిదాకే నేరం ఒప్పుకోవాలా, పోరాడాలా?

నీలిసిరా:
మా తమ్ముడికి కోర్టు సమన్లు వచ్చాయి. తాగి నలుగురిలో అల్లరి చేశాడని బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 355 కింద కేసు. తాను తాగనే లేదనీ, కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీయబోయాననీ వాడు అంటున్నాడు. కోర్టు కానిస్టేబుల్ మాత్రం "ఒప్పేసుకుంటే మధ్యాహ్నానికల్లా జరిమానా కట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు" అన్నాడు. వాడు ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. ఏం చేయమంటారు?

వాయిదాలరాయుడు:
ఒప్పుకోమనండి. ఆ సెక్షన్ కింద పడే శిక్ష మహా అయితే 24 గంటల సాధారణ జైలు, 1000 రూపాయల జరిమానా. లేదంటే సమాజ సేవ. పాత ఐపీసీలో ఇదే నేరానికి జరిమానా 10 రూపాయలే! ఈ మాత్రానికి వకీలు ఫీజు, సాక్షి రాలేదని ఒక వాయిదా, మేజిస్ట్రేటు సెలవని ఇంకొకటి. ఒక్కసారి పేరు పిలిచినప్పుడు లేకపోతే వారెంటు. గెలిచినా ఆ రోజులు ఎవరిస్తారు?

నల్లకోటు:
రాయుడు గారు జరిమానా లెక్క చెప్పారు, అసలు లెక్క వదిలేశారు. ఒప్పుకుంటే అది నేర నిర్ధారణ. బీఎన్‌ఎస్‌ఎస్ (కోర్టులో కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 416 ప్రకారం ఆ తర్వాత "నేను చేయలేదు" అని అప్పీలుకు వెళ్లలేరు. శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే అడగగలరు.

ఇక ఒప్పుకోలు ఎలా జరుగుతుందో చూడండి. అదే చట్టం 274 కింద మేజిస్ట్రేటు ఆరోపణ సారాంశం వివరించి అడగాలి. 275 కింద ముద్దాయి చెప్పిన మాటలను సాధ్యమైనంత వరకు అవే మాటల్లో రాసుకోవాలి. పెట్టీ కేసుల రోజున బెంచి క్లర్కు వరసగా పేర్లు పిలుస్తాడు. పదిమంది గుంపుగా నిలబడతారు. "ఒప్పుకుంటున్నారా?" అని ఒకే ప్రశ్న. ముందున్నవాడు తల ఊపితే వెనకవాళ్లూ ఊపుతారు. ముందే సిద్ధం చేసిన కాగితం మీద సంతకాలు పడతాయి. "విడదీయబోయాను సార్" అనే మాట ఏ కాగితంలోకీ ఎక్కదు. ఆ ఒక్క మాట రాసి ఉంటే అది ఒప్పుకోలే కాదు!

వాయిదాలరాయుడు:
ఉద్యోగం సంగతికే వద్దాం. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రంలో శిక్షలతో పాటు పెండింగు కేసుల గురించి కూడా అడుగుతారు. పోరాడితే ఆ గడి ఎన్నేళ్లు ఖాళీ కాకుండా ఉంటుందో చెప్పండి. పైగా అవతార్ సింగ్ కేసులో (2016) సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప కేసును దాచినా యజమాని ఉపేక్షించవచ్చు అంది.

నల్లకోటు:
"ఉపేక్షించవచ్చు" అంది, "ఉపేక్షించాలి" అనలేదు. ఆ విచక్షణ పై అధికారిది. పెండింగు కేసు నిర్దోషిగా ముగియవచ్చు, శిక్ష అలా పోదు.

సరళ_విశ్రాంత:
నేను కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యాను. ఒకవేళ అబ్బాయి నిజంగా తాగి ఉంటే ఒప్పుకోవడంలో తప్పు లేదు. కానీ అప్పుడు కూడా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, మొదటి తప్పుగా మందలించి వదిలేయమని అడగాలి. ఆ చట్టం 12వ సెక్షన్ శిక్ష వల్ల వచ్చే అనర్హతను తొలగిస్తుంది. జరిమానా రసీదు చేతికొస్తే చాలనే తొందరలో దీన్ని అడిగేవాళ్లు అరుదు.

నల్లకోటు:
సరళ గారూ, అనర్హత పోతుంది గానీ నేర నిర్ధారణ పోదు. ఆ పత్రంలో రాయక తప్పదు.

సరళ_విశ్రాంత:
నిజమే. అందుకే "నిజంగా తాగి ఉంటే" అన్నాను. చేయనిది ఒప్పుకోమని నేనెక్కడ చెప్పాను?

నీలిసిరా:
పోరాడితే ప్రతి వాయిదాకూ వాడు వెళ్లాల్సిందేనా?

నల్లకోటు:
అక్కర్లేదు. స్వయంగా హాజరు కాకుండా వకీలు ద్వారా హాజరు కావడానికి బీఎన్‌ఎస్‌ఎస్ 228 కింద అనుమతి అడగవచ్చు. ఇవ్వడం మేజిస్ట్రేటు ఇష్టం. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, ఆదాయ పరిమితిలో ఉంటే ఉచితంగా వకీలును ఇస్తారు. అన్నిటికంటే ముందు కేసు కాగితాల నకళ్లు తీసుకోండి. తాగాడని ఏ డాక్టరు, ఎన్ని గంటలకు పరీక్షించి రాశాడో చూడండి.

నీలిసిరా:
సమన్లతో వచ్చిన కాగితాల్లో అలాంటి పరీక్ష ఏదీ లేదు. "నోటి నుంచి వాసన వచ్చింది" అని మాత్రం ఉంది.

నల్లకోటు:
అయితే ఒప్పుకోవద్దు.

వాయిదాలరాయుడు:
సరే, ఆ కాగితం చూశాక ఈ కేసు వరకు నేనూ కాదనను. మిగతా తొమ్మిదిమందికి మాత్రం నా సలహా పాతదే.