సుగర్ ఉన్నవారి పాదంలో పుండు: ఈఎస్ఆర్, సీఆర్‌పీ రిపోర్టులను ఎంతవరకు నమ్మవచ్చు?

నరసన్నపేట_పెద్దబ్బాయి:
మా అమ్మగారికి 62 ఏళ్లు, సుగర్ చాలా కాలంగా ఉంది. కుడి బొటనవేలి కింద ఉన్న ఆనెకాయ పగిలి పుండుగా మారింది. నొప్పి లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పుకు తడి అంటుకోవడం చూసి మా ఆవిడ గుర్తించింది. డాక్టరు గారు రాసిన రక్తపరీక్షల్లో, ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే ఈఎస్ఆర్ 84 వచ్చింది, తెల్ల రక్తకణాలు మామూలుగానే ఉన్నాయి. అలాంటిదే మరో పరీక్ష సీఆర్‌పీ మొదట మా ఊళ్లో 1.8 అని, వారం తరువాత శ్రీకాకుళంలో వేరే ల్యాబులో 22 అని వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు. వారంలో పన్నెండు రెట్లు పెరగడమంటే విషం ఎముక దాకా పాకిందని భయపడాలా? ఇలాంటి రిపోర్టులు చూసినవారు తమ అనుభవం చెప్పగలరు.

బొబ్బిలి_ల్యాబ్:
ముందుగా రెండు సీఆర్‌పీ కాగితాలను పక్కపక్కన పెట్టి, అంకె పక్కన చిన్న అక్షరాలలో ఉన్న కొలమానం చూడండి. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, కొన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తాయి. మీ మొదటి రిపోర్టు డెసిలీటరు లెక్కలోదైతే 1.8 అంటే లీటరుకు 18. అప్పుడు పెరిగింది 18 నుంచి 22కు మాత్రమే. అంత చిన్న తేడా రెండు యంత్రాల మధ్య కూడా రావచ్చు. రోజూ మా కౌంటరు దగ్గర ఈ కంగారు చూస్తూనే ఉంటాము. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించడం మేలు.

ఈఎస్ఆర్ సంగతి వేరు. నిలువు గొట్టంలో రక్తం పోసి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూసే పాత పద్ధతి అది. గొట్టం కాస్త ఒరిగినా, గది మరీ వేడిగా ఉన్నా అంకె పెరుగుతుంది. రక్తం తీసి గంటల తరబడి బయట ఉంచితే తగ్గుతుంది. ఆడవారికి వయసుకు 10 కలిపి సగం చేస్తే దాదాపు గరిష్ఠ పరిమితి వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ ప్రకారం మీ అమ్మగారికి 36 దాకా మామూలు అనుకోవచ్చు కనుక 84 ఎక్కువే. అయితే ఎందుకు ఎక్కువైందో ఆ గొట్టం చెప్పదు.

ఉద్దానం_మాస్టారు:
ల్యాబు వారి చివరి వాక్యం మా ప్రాంతానికి మరీ వర్తిస్తుంది. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి మండలం. మా నాన్నగారికి సుగరుతో పాటు కిడ్నీ జబ్బు కూడా ఉంది. కాలికి చిన్న గీత కూడా లేని రోజుల్లోనే ఆయన ఈఎస్ఆర్ 100 దాటి ఉండేది. రక్తహీనత ఉన్నా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా ఈఎస్ఆర్ పెరుగుతుందని పలాసలో కిడ్నీ డాక్టరు గారు వివరించారు. తరువాత మడమ దగ్గర పుండు పడినప్పుడు, ఒక కొత్త డాక్టరు గారు ఆ ఒక్క అంకె చూసి ఎముకకు చీము పట్టి ఉంటుందన్నారు. పాత రిపోర్టుల ఫైలు తీసి చూపిస్తే ఆయనే వెనక్కి తగ్గి, పుండును స్వయంగా పరీక్షించారు. అది పైపైనే ఉంది. కాబట్టి సోంపేట, కంచిలి, మందస వైపు వారు పుండు లేనప్పటి ఈఎస్ఆర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. పోల్చడానికి అవే ఆధారం.

ఇంకొక సంగతి. రక్తం పట్టడానికి ఇంజెక్షన్లు తీసుకునే కిడ్నీ రోగుల్లో మూడు నెలల సుగర్ పరీక్ష అసలు కంటే తక్కువ చూపవచ్చు. అది 6.5 వచ్చిందని సంబరపడితే, పుండు ఎందుకు మానడం లేదో ఎప్పటికీ అంతుపట్టదు.

కోట_వీధి_విజయనగరం:
మా బావగారి విషయంలో మాత్రం ఈఎస్ఆర్ చెప్పిందే నిజమైంది. ఆయనకు కిడ్నీలు బాగున్నాయి, రక్తం బాగుంది, అయినా 90కి దగ్గరగా వచ్చింది. రెండో వేలి కొనన ఉన్న పుండులోకి సర్జన్ గారు మొద్దుగా ఉండే సన్నని ఉక్కు పుల్లను మెల్లగా దింపారు. లోపల గట్టిగా, గరగరమని తగిలింది. అది ఎముకేనని, మొదటి ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని, ఎముకలో మార్పు ఫిల్ముపై కనిపించడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చని ఆయన చెప్పారు. అలాగే మళ్లీ తీసిన ఎక్స్‌రేలో వేలి కొన ఎముక కొరికేసినట్టు కనిపించింది. ఈఎస్ఆర్ 70 దాటి, పుల్ల ఎముకకు తగిలితే అనుమానం బాగా బలపడుతుందన్నది వారి మాట.

పాడైన ముక్క తీసేశాక సీఆర్‌పీ కొద్ది రోజుల్లోనే దిగిపోయింది. ఈఎస్ఆర్ మాత్రం వారాలు గడిచినా నిదానంగానే తగ్గింది, ఆ మధ్యలో మా అక్క పడిన బెంగ అంతా ఇంతా కాదు. రెండూ ఒకే వేగంతో నడవవని ముందే తెలిసి ఉంటే ఆమెకు కాస్త నిద్ర పట్టేది.

రాజాం_సిస్టర్:
నేను డ్రెస్సింగ్ గదిలో పనిచేస్తాను. తెల్ల రక్తకణాలు మామూలుగా ఉన్నాయి కాబట్టి ఇన్‌ఫెక్షన్ లేదని కొందరు ఇంటికి వెళ్లిపోతారు. సుగర్ రోగుల్లో పాదం లోపల చీము ఉన్నా ఆ లెక్క పెరగకపోవడం తరచుగా చూస్తాము. పుండుకు ఇన్‌ఫెక్షన్ సోకిందో లేదో తేల్చేది ముందుగా కళ్లు, చేతులు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి, చీము: వీటిలో కనీసం రెండు ఉన్నాయా అని చూస్తారు. ఎరుపు పుండు అంచు నుంచి రెండు సెంటీమీటర్లు దాటితే తీవ్రత పెరిగినట్టే. చూసి తేల్చుకోలేనప్పుడు సీఆర్‌పీ, ఈఎస్ఆర్, ప్రోకాల్సిటోనిన్ (ఇన్‌ఫెక్షన్‌ను సూచించే మరో రక్తపరీక్ష) వంటివి తోడ్పడతాయని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. వీటిలో ప్రోకాల్సిటోనిన్ ఖరీదైనది. పాదానికే పరిమితమైన ఇన్‌ఫెక్షన్‌లో అది పెద్దగా పెరగకపోవచ్చు.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంటుంది. పాదమంతా వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే స్పష్టంగా వేడిగా ఉంటుంది. కానీ పుండు ఉండదు, జ్వరం ఉండదు, సీఆర్‌పీ దాదాపు మామూలుగా ఉంటుంది. అది షార్కో పాదం కావచ్చు. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు తెలియకుండానే విరిగి, కీళ్లు జారిపోతుంటాయి. అక్కడ రక్తపరీక్ష బాగుందని నడవనిస్తే పాదం ఆకారమే మారిపోతుంది. బరువు మోపకుండా కట్టు వేయించాలి.

పలాస_జీడి:
జీడిపిక్కల పనిలో ఉన్న మా పిన్నికి అరికాలిపై జీడి నూనె పడి కాలినా మంట తెలియలేదు. ఆమె రక్తపరీక్షలన్నీ అప్పటికి బాగానే ఉన్నాయి. స్పర్శ పోయిందన్న సంగతి పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి చూసే పరీక్షలో బయటపడింది. సుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నందున విటమిన్ బి12 కూడా చూశారు, తక్కువగా ఉంది. నరాల దెబ్బకు రక్తంలో వెతకదగిన వాటిలో అదొకటి, ఎందుకంటే దాన్ని సరిచేయవచ్చు.

నరసన్నపేట_పెద్దబ్బాయి:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి కాగితంలో కొలమానం డెసిలీటరుకే ఉంది, ల్యాబు వారు చెప్పినట్టే అది 18. అమ్మకు హిమోగ్లోబిన్ 8.9, క్రియాటినిన్ 1.1. అంటే 84లో కొంత వాటా రక్తహీనతది కావచ్చునని డాక్టరు గారు కూడా అన్నారు. పుల్లతో చూసినప్పుడు ఎముక తగలలేదు. ఆనెకాయ చెక్కి, లోపలి కండ ముక్కను ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చరు పరీక్షకు పంపారు. పైపై చీమును దూదితో తీసి పంపితే చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే పెరుగుతాయట. మూడు వారాలకు మళ్లీ ఎక్స్‌రే, అదే ల్యాబులో ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేయించమన్నారు. ఆ రోజు పొద్దున్న ఆమెను పరగడుపున తీసుకువెళ్లాలా?

బొబ్బిలి_ల్యాబ్:
ఈ రెండింటికీ పరగడుపు అక్కరలేదు. ఇన్సులిన్ వేసుకుంటుంటే టిఫిన్ పెట్టే తీసుకురండి. యాంటీబయాటిక్ పేరు, మొదలుపెట్టిన తేదీ చీటీ మీద రాయించండి, రెండో రిపోర్టు చదివేవారికి అది కావాలి.