పరిధి లేని కోర్టు ఇచ్చిన ఇంజంక్షన్ చెల్లుతుందా?

ప్రశ్న: హైదరాబాదులో ఒక కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేస్తున్నాను. నా బదిలీపై సిటీ సివిల్ కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ (బదిలీని అప్పటికి ఆపే ఉత్తర్వు) ఇచ్చింది. అయితే ఇది లేబర్ కోర్టు తేల్చవలసిన వివాదం కనుక ఆ ఉత్తర్వు చెల్లదంటూ యాజమాన్యం నన్ను గేటు దగ్గరే ఆపేస్తున్నది. ఆ వాదన సరైనదేనా అండీ?

జవాబు 1: కాదండీ. అభ్యంతరం లేవనెత్తినంత మాత్రాన ఉత్తర్వు చిత్తుకాగితం కాదు. కోర్టుకు పరిధి (ఆ కేసు వినే అధికారం) లేదని తేలేవరకు దానిని పాటించవలసిందేనని, తరువాత లేదని తేలినా ఈలోగా జరిగిన ఉల్లంఘనకు శిక్ష తప్పదని సుప్రీంకోర్టు 1997లో తయ్యబ్‌భాయి కేసులో చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు, 2ఎ రూలు కింద, ఇంజంక్షన్‌ను ఉల్లంఘించినందుకు చర్య కోరుతూ పిటిషన్ వేయండి.

జవాబు 2: పై మాట నిజమే గాని, అప్పుడే సంబరపడకండి. పారిశ్రామిక వివాదాల చట్టం (2025 నవంబరు దాకా అమలులో ఉన్నది) కల్పించిన హక్కు కోసమైతే సివిల్ కోర్టుకు వెళ్లే వీలు లేదని 1975లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తీర్పు తేల్చింది. దావా కొట్టివేస్తే ఇంజంక్షన్ కూడా దానితోనే పోతుంది. ఇంతకీ ప్లెయింటులో (దావా పత్రంలో) ఏ హక్కు చూపించారు?

ప్రశ్నించినవారు: స్టాండింగ్ ఆర్డర్ల (కర్మాగారంలోని ఉద్యోగ నిబంధనల) ఉల్లంఘన అని మా వకీలు రాశారండీ.

జవాబు 2: చిక్కంతా అక్కడే ఉంది. అటువంటి వివాదాలు కూడా పారిశ్రామిక వివాదాల చట్టం కిందికే వస్తాయని 1995లో కృష్ణకాంత్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంజంక్షన్ అమలులో ఉండగానే లేబర్ కమిషనర్ కార్యాలయంలో కూడా దరఖాస్తు పెట్టే విషయం మీ వకీలుతో మాట్లాడండి.