క్యాబరే అంటే క్లబ్ డాన్సేనా?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. క్యాబరే అన్న మాట మా తరానికి జ్యోతిలక్ష్మి, జయమాలిని గార్ల పాటలతోనే పరిచయమైంది. విలన్ డెన్‌లో, మందు గ్లాసుల మధ్య సాగే నృత్యమే క్యాబరే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ మధ్య ఐరోపా చరిత్ర చదువుతుంటే, కవులూ చిత్రకారులూ క్యాబరేలు నడిపారనీ, హిట్లర్ ప్రభుత్వం వాటిని మూయించిందనీ కనిపించింది. డాన్సులాడే చోటంటే ప్రభుత్వానికి భయమెందుకు? తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు 1:
మీరు సినిమాల్లో చూసింది క్యాబరేలో ఒక పాయ మాత్రమే. 1881లో రొడాల్ఫ్ సాలిస్ పారిస్‌లోని మోమార్త్ర్‌లో 'ల షా న్వార్', అంటే నల్లపిల్లి, అనే క్యాబరే తెరిచారు. జనం బల్లల చుట్టూ కూర్చుని తాగుతూ కబుర్లాడుకుంటూ ఉంటే, వారి మధ్యనే కవి లేచి పద్యం చదివేవాడు. అక్కడ పియానో వాయించినవారిలో ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ ఒకరు. నన్ను బాగా ఆకట్టుకున్నవి మాత్రం ఆంరీ రివియేర్ నీడల నాటకాలు. జింకు రేకులను బొమ్మలుగా కత్తిరించి, తెర వెనుక దీపం వెలుగులో ఆడించేవారు. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు అది కొత్తగా అనిపించదు. నృత్యానికి పెద్దపీట వేసిన 'మూలాన్ రూజ్' అనే పారిస్ క్యాబరే 1889లో వచ్చింది. మన సినిమాల దాకా వచ్చింది ఆ పాయేనని నా అభిప్రాయం.

జవాబు 2:
భయానికి కారణం మాట. 1918 తరువాత జర్మనీలో రంగస్థలంపై సెన్సారు తొలగడంతో, బెర్లిన్ క్యాబరేలలో అంశానికీ అంశానికీ మధ్య వచ్చి మాట్లాడే వ్యాఖ్యాత ఆనాటి రాజకీయాలను సూటిగా ఎత్తిపొడవసాగాడు. 1929లో అక్కడ మొదలైన 'కాటకోంబె' అనే క్యాబరేలో ఆ పని వెర్నర్ ఫింక్ చేసేవారు. నాజీల కాలంలో, తన మాటలు రాసుకుంటున్న వేగులవాళ్లను చూసి, మీరు నా మాటల వెంట రాగలుగుతున్నారా, లేక అరెస్టయి నేనే మీ వెంట రావాలా అని ఆయన అడిగారని చెబుతారు. 1935లో ఆ క్యాబరేను మూసివేసి, ఆయనను ఎస్టర్వేగెన్ నిర్బంధ శిబిరానికి పంపారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే అసలు క్యాబరేలో నృత్యానికి అంత ప్రాధాన్యం లేదనుకోవచ్చా?

జవాబు 3:
అలా అనుకోవద్దని నా మనవి. బెర్లిన్‌లోనే వాలెస్కా గెర్ట్ అనే నర్తకి అందంగా కనబడాలన్న తాపత్రయమే లేకుండా, బాక్సరునూ వీధిలోని వేశ్యనూ ముఖంతో, ఒంటితో కళ్లకు కట్టించారు. అందులో మాట లేకపోయినా, చూసేవారు సుఖంగా కూర్చోలేకపోయేవారు. యూదురాలు కావడంతో నాజీలు వచ్చాక ఆమెకు జర్మనీలో వేదిక లేకుండా పోయింది. అమెరికా చేరి, 1941లో న్యూయార్క్‌లో 'బెగర్ బార్' పేరుతో సొంత క్యాబరే తెరిచారు.