పెళ్లి హనుమకొండల చేయాల్నా, జర్మనీల చేయాల్నా?

కాకతీయ_తోరణం:
అమ్మాయిది హనుమకొండ. అబ్బాయి మ్యూనిక్‌ల బ్లూ కార్డ్ (పెద్ద చదువులు చదివిన విదేశీయులకు ఇచ్చే ఉద్యోగ పర్మిట్) మీద ఉద్యోగం చేస్తుండు. ఇద్దరూ హిందువులే, ఇద్దరివీ మన పాస్‌పోర్టులే. అక్కడి రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి చేసుకుని, సెలవు దొరికినప్పుడు ఇక్కడ పందిరి వేద్దామంటున్నరు అబ్బాయి వాళ్లు. ఇక్కడనే తాళి కట్టించి పంపుదామంటున్నరు అమ్మాయి వాళ్లు. చట్టం లెక్కన ఏది నయం?

భద్రకాళి_గట్టు:
ఇక్కడనే. పెళ్లికి తన దేశ చట్టం ప్రకారం అడ్డేమీ లేదని జర్మనీ వాళ్లు ధ్రువపత్రం అడుగుతరు, అది ఆర్నెల్లే చెల్లుతది. మన దేశంల అది ఇచ్చే ఆఫీసే లేదు. అందుకని రిజిస్ట్రార్ ఫైలును పై కోర్టు అధ్యక్షుడికి పంపి మినహాయింపు తెప్పించాలె.
ఇగ అపోస్టిల్ సంగతి, అంటే మన కాగితం అసలుదేనని వేరే దేశాలు ఒప్పుకునేటందుకు మన విదేశాంగ శాఖ వేసే స్టిక్కర్. మన దేశం ఆ ఒప్పందంల 2005ల చేరింది గని, జర్మనీ అభ్యంతరం చెప్పింది. స్టిక్కర్ వేయించుకుని పోతే అక్కడ ఉత్త కాగితమే. కాగితం నిజమైనదా కాదా అని వాళ్ల రాయబార కార్యాలయం ద్వారా విచారణ చేయిస్తరు. నెలలు పడుతది, ఖర్చు మనదే.

వడ్డేపల్లి_కట్ట:
ఆ విచారణ మన మ్యారేజ్ సర్టిఫికెట్‌కూ రావచ్చు గద అన్నా. జర్మనీల చేసుకుంటే అక్కడి సర్టిఫికెట్‌ను అక్కడ ఎవరూ ప్రశ్నించరు. మన వైపు 1969 విదేశీ వివాహ చట్టం 17వ సెక్షన్ కింద మన రాయబార కార్యాలయంల రిజిస్టర్ చేయించుకోవచ్చు. అయితే అమ్మాయికి పెళ్లి కోసమని వీసా తీయాలె, అది అసలు తిప్పలు.

భద్రకాళి_గట్టు:
అదే నేను అనేది. ఇక్కడ పెళ్లయితే భార్యగ వీసా. మామూలుగ భార్యకు జర్మన్ భాషల ఏ1, అంటే మొదటి మెట్టు పరీక్ష అడుగుతరు, బ్లూ కార్డ్ వాళ్ల భార్యకు అదీ లేదు.

లష్కర్_బజార్:
ఇద్దరూ ఒకటి మర్సిపోతున్నరు. "ముందు సబ్ రిజిస్ట్రార్ దగ్గర కాగితం, పందిరి తర్వాత" అంటే హిందూ వివాహ చట్టం కింద నడువది. ఆచారం ప్రకారం పెళ్లి జరగకుంట ఉత్త సర్టిఫికెట్‌తో పెళ్లి అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2024ల చెప్పింది. ఉత్త కాగితమే కావాల్నంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిల ఒకరు 30 రోజులు జిల్లాల ఉంటే చాలు, అమ్మాయి ఉన్నది గద. నోటీసు పడ్డంక 30 రోజులు అభ్యంతరాలకు ఆగాలె, నోటీసు ఇచ్చిన మూడు నెలలల్ల పెళ్లి అయిపోవాలె, సాక్షులు ముగ్గురు. పది రోజుల సెలవుల ఇది కాదు.
ఇంకోటి, తాళి కట్టినంక అక్కడ "పెళ్లి కాలేదు" అని సంతకం పెడితే అబద్ధపు వాంగ్మూలమే. అమెరికా కాబోయే భార్య వీసాకూ ఇదే గోతి, ఇక్కడ పెళ్లయితే ఆ వీసా దొరకదు.

వడ్డేపల్లి_కట్ట:
గది ఒప్పుకుంట. అయితే ఎక్కడ చేసినా ఫైలు ఆగేది పేరు దగ్గరనే. టెన్త్ మెమోల ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టుల మొత్తం పేరు, బర్త్ సర్టిఫికెట్‌ల పిల్ల పేరు గడి ఖాళీ. జర్మనీ వాళ్లకు ఇవి ముగ్గురు మనుషుల కాగితాలు. పేరు చేర్పిచ్చుడు మున్సిపల్ ఆఫీసుల అయితది. అసలు పుట్టినప్పుడు నమోదే కాకపోతే ఆర్డీవో ఉత్తర్వు కావాలె, మీసేవల దరఖాస్తు పెట్టాలె. ముందు ఈ పని చేయిర్రి, ముహూర్తం ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

కాకతీయ_తోరణం:
తీసి చూసిన. గడి ఖాళీనే ఉన్నది.