ఆఖరున వచ్చిన కూతుర్ని చూసి గర్వపడితే తప్పా?

పాప_నాన్న: మా పాప ఏడో తరగతి. బొద్దుగా ఉంటుంది, ఆటలకు ఎప్పుడూ దూరమే. మొన్న స్పోర్ట్స్ డేలో తనంతట తనే 800 మీటర్లకు పేరిచ్చింది. స్కూల్లో ట్రాక్ 200 మీటర్లే, అంటే నాలుగు రౌండ్లు. అందరూ ముగించేసరికి తనకింకా ఒక రౌండ్ ఉంది. ఆగకుండా పూర్తి చేసింది. వీడియో స్టేటస్‌లో పెడితే మా బావమరిది "ఆఖరున వచ్చినదానికి ఇంత ఆర్భాటమా" అన్నాడు. మీరేమంటారు?

లత_గుంటూరు: పాపకు శభాష్ చెప్పండి!

పీఈటీ_మాస్టారు: మొదటి రౌండ్ ఎంత వేగంగా పరిగెత్తింది? పిల్లలు ఆరంభంలోనే ఊపిరి ఖర్చు చేసేసి మూడో రౌండ్లో కూలబడతారు. అదెవరూ నేర్పరు.

పాప_నాన్న: అడిగింది అది కాదు మాస్టారూ.

కబడ్డీ_శ్రీను: బావమరిది అన్నదాంట్లో తప్పేముంది? మా అబ్బాయి తెల్లవారకముందే లేచి గ్రౌండ్‌కి పోయేవాడు. జిల్లా స్థాయిలో గెలిచినా బంధువుల్లో ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. పాల్గొన్నవాళ్లందరికీ చప్పట్లు కొడితే గెలిచినవాడికి విలువేది? 1984 ఒలింపిక్స్ పరుగులో పి.టి. ఉషకి సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది. ఆటంటే ఆ తేడానే.

రాత్రిపక్షి: 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్ మారథాన్‌లో టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారీ పడిపోయి, మోకాలు దెబ్బతిన్నా కట్టుతోనే పూర్తి చేశాడు. విజేత వచ్చిన గంటకు పైగా తర్వాత, అందరికంటే ఆఖరున. ఆ పేరు నేటికీ చెప్పుకుంటున్నాం.

కబడ్డీ_శ్రీను: ఒలింపిక్స్‌తో స్పోర్ట్స్ డేని పోలుస్తారా?

రాత్రిపక్షి: ఉషని తెచ్చింది మీరే కదండీ.

పీఈటీ_మాస్టారు: ట్రాక్‌ని టేపుతో కొలిచారా? చాలా స్కూళ్లలో 200 అని చెప్పేది 160 కూడా ఉండదు.

పాప_నాన్న: 160 అయినా నా కూతురు పరిగెత్తింది! శ్రీను గారూ, మీ అబ్బాయి గెలుపును నేను తగ్గించానా? నా బిడ్డ మీ అబ్బాయి దగ్గర ఏం లాక్కుంది?

కబడ్డీ_శ్రీను: లాక్కోలేదు. కానీ పదో తరగతి రాగానే మా ఇంట్లోవాళ్లంతా కలిసి వాడి ఆట మాన్పించారు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందన్న నమ్మకం లేదన్నారు. అంత ఆడేవాడికే విలువ లేనప్పుడు, మీ స్టేటస్‌కి అన్ని లైకులు చూస్తే మండింది.

లత_గుంటూరు: అయితే మీ కోపం సీటు లెక్కలు వేసేవాళ్ల మీద. ఈ పాప మీద కాదు.

పాప_నాన్న: నేను చెప్పేదీ అదే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బాగా ఆడేవాళ్లు మాత్రమే అనలేదు. ఆట పీరియడ్‌ని లెక్కల సారు తీసేసుకుంటే మీ వాడికీ నష్టమే, మా పాపకీ నష్టమే.

కబడ్డీ_శ్రీను: పీరియడ్ సంగతి ఒప్పుకుంటా. మెడల్ మాత్రం గెలిచినవాళ్లకే ఇవ్వాలి.

పాప_నాన్న: మెడల్ అడగలేదండీ. చప్పట్లు కొట్టాను.

పీఈటీ_మాస్టారు: రేపటి నుంచి పాపని మొదటి రౌండ్ మెల్లగా పరిగెత్తమనండి. వచ్చే ఏడాది చూద్దాం.