మేడి చెక్క కషాయం ఇనుప మూకుడులో నల్లబడింది, కల్తీయేనా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)
నమస్కారం. మధుమేహానికి మేడి చెక్క మంచిదని ఎవరో చెప్పగా మా అమ్మగారు బేగంబజార్ నుంచి పావుకిలో తెప్పించుకుని, రోజూ ఉదయం ఒక గ్లాసు కషాయం తాగుతున్నారు. మొన్న స్టీలు గిన్నె ఖాళీగా లేక ఇనుప మూకుడులో కాస్తే, ఎప్పుడూ ఎర్రమట్టి రంగులో ఉండే కషాయం సిరాలాగా నల్లబడింది. చెక్కలో ఏదైనా కలిపారా? అందులో ఉండే పదార్థాలు నిజంగా చక్కెరను తగ్గిస్తాయా? ఆవిడ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మాత్రలతో పాటు రక్తహీనతకు ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటున్నారు.

జవాబు (విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు)
నల్లబడడం కల్తీకి గుర్తు కాదండి. మేడి బెరడులో టానిన్లు, అంటే వగరు రుచినిచ్చే పదార్థాలు, ఎక్కువ. అవి ఇనుముతో కలిస్తే నీలి నలుపు వస్తుంది. వెనకటివారు కరక్కాయతో సిరా చేసుకున్నదీ ఇలాగే. ఫెర్రిక్ క్లోరైడు అనే ఇనుప లవణం చుక్క వేసి మేము ప్రయోగశాలలో చేసే పరీక్షను మీ అమ్మగారు మూకుడులో చేసేశారన్నమాట. అయితే మర్రి, రావి బెరడుల్లోనూ టానిన్లుంటాయి కనుక, నలుపు చూసి అది మేడేనని చెప్పలేము.

ఈ బెరడులో ల్యూపియోల్, బీటా-సిటోస్టెరాల్ వంటి కొవ్వులాంటి పదార్థాలు కూడా ఉన్నాయి. కానీ అవి నీటిలో దాదాపు కరగవు. ఎలుకల్లో చక్కెర తగ్గిందని చూపిన ప్రయోగాల్లో ఆల్కహాలుతో తీసిన సారం వాడినవి ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఆ ఫలితాలను ఇంట్లో నీళ్లతో కాచిన కషాయానికి అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. గ్లాసులో నాలుకకు తగిలే ఆ వగరంతా టానిన్లదే.

జవాబు (ఆయుర్వేద వైద్యురాలు)
మర్రి, రావి, జువ్వి, గంగరావితో కలిపి మేడిని పంచవల్కలాలంటాము. వీటి కషాయాన్ని ఎక్కువగా పుండ్లు కడగడానికి, నోటిపూతకు పుక్కిలించడానికి వాడతాము. టానిన్లు పైపొరలోని ప్రోటీన్లను బిగించి స్రావాన్ని తగ్గిస్తాయి. మధుమేహంలోనూ మేడిని వాడే ఆనవాయితీ ఉన్నమాట నిజమే గాని, అది మాత్రలకు బదులు కాదు. గ్లిమెపిరైడ్ ఒక్కటే చక్కెరను బాగా దించగలదు. దానిపై కషాయం తాగుతున్నారని ఆవిడ డాక్టరుగారికి తప్పక చెప్పండి. చెమటలు, వణుకు కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి కాబట్టి, ఐరన్ మాత్రకూ కషాయానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. అమ్మ ఇన్నాళ్లూ ఐరన్ మాత్రను ఆ కషాయంతోనే మింగుతున్నారని ఇప్పుడే తెలిసింది. ఇంకొక్క సందేహం: డ్రైఫ్రూట్ల కొట్టులో అత్తిపండ్లని అమ్మేవి ఈ చెట్టువేనా?

జవాబు (వృక్షశాస్త్ర విద్యార్థి)
కావండి. అవి అంజీర్, అంటే ఫైకస్ కారికా. మేడి ఫైకస్ రెసిమోసా. దీన్నీ అత్తి అనడం వల్లే ఈ తికమక. మేడికాయలు మానుకే, లావు కొమ్మలకే గుత్తులుగా కాస్తాయి. ఎండిన చెక్కకు ఆ ఆనవాలు ఉండదు కాబట్టి, చెట్టును గుర్తుపట్టగలిగినవారి దగ్గరే చెక్క తీసుకోండి.